రెండు ఇంచులు లేపిన పికప్‌కు ఎంత టైరు?

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఆరెకరాల చీనీ తోట ఉంది. పోయిన సంవత్సరం బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో 2017 మోడల్ ఇసుజు వి-క్రాస్ కొన్నాను. పాత ఓనరే ముందూ వెనకా రెండు ఇంచుల లిఫ్ట్ చేయించి ఉన్నాడు. 255/65 ఆర్17 సైజు టైర్లు అరిగిపోయాయి. టైర్ల షాపాయన 265/70 వెయ్యమంటాడు. స్నేహితులు 285/70, అంటే 33 ఇంచుల టైర్లు వేస్తేనే లిఫ్ట్‌కు అందం అంటున్నారు. మా నాన్నేమో ఉన్న సైజే వెయ్యి, డబ్బులు పారబోయొద్దంటాడు. తోటకు నాలుగు కిలోమీటర్లు నల్లరేగడి దారి, మధ్యలో ఒక వంక. వానాకాలంలో రెండుసార్లు దిగబడితే ట్రాక్టర్‌తో లాగించుకున్నాను. పెద్ద టైర్లు వేస్తే ఎక్కడన్నా తగులుతాయా? మైలేజీ పడిపోతుందా? పోలీసులతో ఏమన్నా గొడవా? ఇంకో విషయం, 80 దాటితే బండి అడుగున సన్నగా వణుకు వస్తోంది. టైర్లు మారిస్తే పోతుందా?

సమాధానం:

తమ్ముడూ, ఉత్తరం చివర్లో పోతూ పోతూ వణుకు అని ఒక మాట రాశావు చూడు, నేను అక్కడే ఆగాను. అది తేలే వరకూ టైర్ల షాపు గడప తొక్కొద్దు. కొత్త టైర్లు వేశాక కూడా వణుకు అట్లే ఉంటే షాపాయన బండిదంటాడు, మెకానిక్కు టైర్లదంటాడు, మధ్యలో నువ్వు తాడిపత్రికీ అనంతపురానికీ తిరుగుతుంటావు.

వణుకు ఎక్కడ తెలుస్తోందో ముందు గమనించు. స్టీరింగ్ చేతిలో అదురుతుంటే ముందు చక్రాల బ్యాలెన్సింగో, టైరు ఒకపక్కగా అరగడమో కావచ్చు. సీటు కింద, కాళ్ళ కింద తెలుస్తుంటే వెనక వైపు చూడాలి. నువ్వు 'అడుగున' అన్నావు కాబట్టి నా అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టు మీద, అదే గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు బలం చేర్చే పొడవాటి గొట్టం. నీ బండికి ఆ షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి, నడుమ సెంటర్ బేరింగు ఉంటుంది. వెనక కమాన్ల (పట్టీల స్ప్రింగుల) దగ్గర బండిని లేపితే ఛాసిస్ పైకి పోతుంది, హౌసింగు, అంటే వెనక ఇరుసు ఉండే ఇనుప పెట్టె, ఉన్నచోటే ఉంటుంది. దాంతో షాఫ్టు వాలు మారిపోతుంది. ఆ వాలులో క్రాసులు, అదే షాఫ్టు చివర్ల మడత జాయింట్లు, సాఫీగా తిరగవు. లేపినవాడు దానికి తగ్గట్టు సెంటర్ బేరింగును కాస్త దించి కట్టాలి, లేదా కమానుకూ హౌసింగుకూ మధ్య ఏటవాలుగా ఉండే ఇనుప పట్టీ పెట్టి హౌసింగు ముక్కును సరిచెయ్యాలి. చాలా చోట్ల ఈ పని చెయ్యరు. లేపుతారు, డబ్బులు తీసుకుంటారు, పంపేస్తారు.

పరీక్ష సులువే. ముందూ వెనకా బండ్లు లేని రోడ్డు మీద 85లో పోతూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యి. ఆ క్షణంలోనే వణుకు మారిపోతే, అది తగ్గనీ పెరగనీ, షాఫ్టు వాలే కారణమని అనుకోవచ్చు. ఏ మార్పూ లేకుండా వేగంతోపాటు మెల్లగా తగ్గితే టైర్లు, బ్యాలెన్సింగు చూడాలి. ఎందుకైనా మంచిది, బండి కింద దూరి క్రాసులను చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడు. ఏమాత్రం లూజున్నా మార్చెయ్యి.

ఇప్పుడు లిఫ్ట్ సంగతి. రెండు ఇంచులు లేపారంటే టైరుకు రెండు ఇంచుల చోటు దొరికిందని నీ స్నేహితులు లెక్క వేస్తున్నారు. అక్కడే పొరపాటు. బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే ఆ రెండు ఇంచులు కనబడతాయి. గుంతలో పడి స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం పైకి ఎక్కడిదాకా పోతుందో, లిఫ్ట్‌కు ముందు కూడా దాదాపు అక్కడిదాకానే పోయేది. చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మలు, బంప్ స్టాపులు, మార్చకపోతే దాంట్లో తేడా రాదు. కాబట్టి ఇంటి ముందు ఆపినప్పుడు టైరుకూ ఫెండరుకూ మధ్య అరచెయ్యి పడుతోందని మురిసిపోవద్దు. వంకలోకి ఒక చక్రం దిగినప్పుడు, అదే సమయంలో స్టీరింగు ఫుల్ కటింగ్‌లో ఉన్నప్పుడు ఏం జరుగుతుందన్నదే లెక్క.

ఇంకోటి. లిఫ్ట్ వల్ల నీ బండి వెనక హౌసింగు, అదే ఆ మధ్యలో గుండు, నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవలేదు. లేచింది బాడీ, ఛాసిస్. హౌసింగు చక్రాలతోపాటే ఉంటుంది కదా. దాన్ని లేపేది టైరు ఒక్కటే. దారి మధ్యలో గడ్డపెరిగిన కట్ట ఉండి, హౌసింగు దాన్ని గీరుకుంటోందా? అయితే పెద్ద టైరు పనికొస్తుంది. లిఫ్ట్ పనికిరాదు.

ఎంత లేపుతుందో లెక్క వేసుకుందాం, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 255/65 ఆర్17 అంటే టైరు వెడల్పు 255 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 ఇంచులు. పక్కగోడ రెండుసార్లు, దానికి రిమ్ము కలిపితే మొత్తం ఎత్తు సుమారు 763 మి.మీ. అదే 265/70 అయితే 803. నలభై మి.మీ. తేడా. అందులో సగం కింద, సగం పైన. అంటే హౌసింగు 20 మి.మీ. లేస్తుంది, ఇంచుకు కాస్త తక్కువ. 285/70 అయితే 831, హౌసింగు 34 మి.మీ. లేస్తుంది. 33 ఇంచుల టైరు అని గొప్పగా చెప్పుకునేది నిజానికి 32.7 ఇంచులు, అది వేరే సంగతి.

285/70 ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆ టైరు వెడల్పుకు కనీసం ఏడున్నర ఇంచుల రిమ్ము కావాలి. నీ రిమ్ము లోపలి వైపు 7జె అనో 7.5జె అనో పోత పోసి ఉంటుంది, టార్చి వేసి చూసుకో. 7జె అయితే మాట అక్కడికే సరి. వెడల్పు సరిపోయే రిమ్ము ఉన్నా, ఈ లిఫ్ట్‌తో ముందు చక్రాల వెనక వైపు ప్లాస్టిక్ లైనరు ఒక్కటి కోస్తే చాలదు. దాని వెనక క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే మౌంటు ఉంటుంది చూడు, ఆ రేకు మూలను కోసి మళ్ళీ వెల్డింగు పెట్టాల్సి వస్తుంది. అందం కోసం క్యాబిన్ మౌంటు కోయడం నా మనసు ఒప్పుకోదు. బరువు సంగతి వేరే ఉంది. స్ప్రింగుల కింద, చక్రం దగ్గర పెరిగే ఒక్కో కిలో బేరింగులనూ షాకులనూ స్టీరింగు జాయింట్లనూ ఊరికే పోనివ్వదు. ముందు డ్రైవ్ షాఫ్టులు లిఫ్ట్ వల్ల ఇప్పటికే ఏటవాలుగా తిరుగుతున్నాయి. వాటి రబ్బరు బూట్లు చీలిందీ లేనిదీ చూశావా? బూటు చీలి గ్రీజు బయటికి చిమ్మి ఉంటే ముందు అది మార్పించు.

265/70 అయితే తగులుతుందా? ఇలా రెండు ఇంచులు లేపిన వి-క్రాస్‌లకు చాలామంది ఇదే సైజు వేస్తారు. కొన్నిటికి ఏమీ తగలదు. కొన్నిటికి ముందు మడ్ ఫ్లాపు, లైనరు కింది మూల, బంపరు లోపలి అంచు రాసుకుంటాయి. ఎవరు ఎట్లా లేపారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకని షాపులో నాలుగూ ఎక్కించక ముందే ఒక్క టైరును నీ రిమ్ముకు ఎక్కించి ముందు ఎడమ పక్క బిగించమను. స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పు. తర్వాత ఆ చక్రాన్ని అడుగు ఎత్తున్న గట్టు మీదికో, రాతి మెట్టు మీదికో మెల్లగా ఎక్కించి, స్ప్రింగు నొక్కుకుని ఉండగా మళ్ళీ రెండు వైపులా ఫుల్ కటింగ్ కొట్టు. లోపలి వైపు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ పై ఆర్ముకూ టైరుకూ మధ్య వేలు దూరుతోందా? బ్రేకు గొట్టం టైరుకు దగ్గరగా వస్తోందా? పక్కన మనిషిని పెట్టి చూపించు. ఒకసారి రివర్సులో కూడా తిప్పాలి, ముందుకు పోయేటప్పుడు తగలనిది వెనక్కి వచ్చేటప్పుడు తగలొచ్చు. తర్వాత కుడి పక్క కూడా ఇదే పని. షాపాయన విసుక్కుంటాడు. విసుక్కోనీ, అరవై డెబ్బై వేల బేరం పెట్టుకున్నాడు, అరగంట ఓపిక పట్టలేడా!

ఈ పరీక్ష చెయ్యకనే నేను ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. చాలా ఏళ్ళ కింద నా పాత జీపుకు మోజుపడి వెడల్పు టైర్లు వేశాను. కడప టౌనులో నాలుగు రౌండ్లు తిరిగితే ఏమీ తగల్లేదు. ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని రాయచోటికి బయలుదేరాను. గువ్వలచెరువు ఘాట్‌లో పెద్ద మలుపు దగ్గర, లోడు మీద ఉన్న బండికి ఫుల్ కటింగ్ కొడితే టైరు పోయి కమాను పట్టీని ఒరుసుకుంది. స్టీరింగు తిరగాల్సినంత తిరగలేదు. మలుపు మధ్యలో ఆపి రివర్సు చేసుకోవాల్సి వచ్చింది. పైనుంచి లారీ, కిందినుంచి బస్సు, రెండూ హారన్లు. మా ఆవిడ అప్పుడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఘాటు దాటాక పాలకోవా అంగడి దగ్గర ఆపి చూస్తే టైరు భుజం మీద రబ్బరు చెక్కుకుపోయి ఉంది. ఆ రోజు కోవా తిన్నానో లేదో కూడా గుర్తులేదు.

తగులుతోంది కదా అని రిమ్ములు మార్చి చక్రాలను బయటికి జరపడం, లేదా వీల్ స్పేసర్లు వేయడం కొందరు చెప్తారు. వద్దు. చక్రం బయటికి జరిగేకొద్దీ తిరిగేటప్పుడు గీసే వలయం పెద్దదవుతుంది. లోపల ఆర్ముకు తగలడం తప్పినా బయట ఫెండరు వెనక మూలకు తగులుతుంది. వీల్ బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. కంపెనీ రిమ్ములే ఉంచు.

టైరు కొనేటప్పుడు సైజు ఒక్కటే చూసి రావద్దు. సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి, 110ఎస్ లాగా. ఆ అంకె టైరు మోసే బరువు. 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోలు, 112 అంటే 1120, 115 అంటే 1215. తలుపు దగ్గర స్టిక్కరు మీదా ఓనరు పుస్తకంలోనూ కంపెనీ ఏ అంకె చెప్పిందో దానికంటే తక్కువది ఏ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. చూడ్డానికి మొరటుగా ఉన్నా బరువు తక్కువ మోసే టైర్లు ఉంటాయి. అక్షరం వేగానికి: ఎస్ అంటే 180, టి అంటే 190. పక్కగోడ మీదే నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్టు. ఇట్లాంటి సైజులు మన ఊళ్ళలో రోజూ అమ్ముడుపోయేవి కావు. షాపులో ఒక మూల రెండు మూడేళ్ళు పడి ఉన్నవి అంటగట్టే ప్రమాదముంది.

బరువు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. లేపిన బండి, పెద్ద టైర్లు చూసి చీనీ కాయలు ఎక్కువ నింపొచ్చని అనుకోవద్దు. ఆర్సీలో ఖాళీ బరువు, గ్రాస్ బరువు రెండూ రాసి ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి, వచ్చిన దాంట్లో నువ్వూ నీ పక్కన కూర్చునేవాళ్ళూ కూడా లెక్కే. మిగిలేది మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. వెనక కమాను కింద ఇనుప దిమ్మ పెట్టి లేపినంత మాత్రాన కమాను బలం పెరగదు. అనంతపురం మార్కెట్ యార్డుకు పూర్తి లోడు తోలాలంటే సరుకు బండి మాట్లాడుకో.

మైలేజీ గురించి అడిగావు. 265/70 వేస్తే చక్రం చుట్టుకొలత అయిదు శాతం పెరుగుతుంది. మీటరు 80 చూపుతున్నప్పుడు చక్రం లెక్కన నువ్వు 84 పోతుంటావు. కంపెనీలు స్పీడోమీటరును మామూలుగా కాస్త ఎక్కువ చూపేలాగే పెడతాయి కాబట్టి ఈ సైజుతో అది దాదాపు సరిగ్గా చూపొచ్చు. హైవే మీద ఫోనులో జీపీఎస్ పెట్టి పోల్చి చూసుకో. కిలోమీటర్ల మీటరు మాత్రం తక్కువ తిరుగుతుంది. నిజంగా లీటరుకు 12 ఇస్తున్న బండి మీటరు లెక్కన 11.4 చూపుతుంది. ఆ భాగం ఉత్త లెక్క తేడా, డీజిల్ ఎక్కువ తాగినట్టు కాదు. అయితే టైరు బరువు పెరగడం, మొరటు గుబ్బల వల్ల లాగుడు పెరగడం మూలంగా నిజంగానే కొంత ఎక్కువ తాగుతుంది, అది తప్పదు.

మైలేజీ కంటే నన్ను ఆలోచింపజేసేవి గేర్లు, బ్రేకులు. పెద్ద చక్రం వేస్తే గేరు పొడుగైనట్టే. నీది అయిదు గేర్ల బండి. లోడుతో వంక ఎక్కేటప్పుడు ఇంతకుముందు రెండో గేరులో లాగింది మొదటికి మార్చాల్సి రావొచ్చు. క్లచ్చును సగం తొక్కి లాగించే అలవాటు ఉంటే అది త్వరగా కాలిపోతుంది. బండి పేరు పికప్పే గానీ పెద్ద టైర్లతో పికప్పు తగ్గుతుంది! బ్రేకు కూడా అంతే. అదే కాలితో అంతే గట్టిగా తొక్కినా, చక్రం పెద్దదైన కొద్దీ రోడ్డు దగ్గర ఆ పట్టు తగ్గుతుంది. సైజు పెంచితే ముందు ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో లైనింగు ఎంతున్నాయో చూపించి, అవసరమైతే కొత్తవి వేయించు.

ఇప్పుడు బురద. నీకు అసలు కష్టం ఇదే, ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశావు. నల్లరేగడి సంగతి మనకు చెప్పాల్సిన పనిలేదు. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, జిగురు పడుతుంది, చెప్పుకు అంటుకుంటే చెప్పే బరువైపోతుంది. టైరుకు కూడా అదే. గాళ్ళలో బురద నిండి పదడుగుల్లోనే టైరు నున్నటి బంకమట్టి ముద్ద అవుతుంది. అప్పుడు దాని ఎత్తు 763 అయితేనేం, 803 అయితేనేం? ట్రాక్టరు ఎందుకు లాగగలిగింది? టైరు పెద్దదని ఒక్కటే కాదు, గుబ్బలు ఎత్తుగా, దూరందూరంగా ఉండి, తిరిగేటప్పుడు మట్టిని విదిలిస్తాయి. దమ్ములో అదీ చాలకనే కేజ్ వీల్స్ కడతారు.

అట్లా మట్టిని విదిలించే టైర్లు పికప్పులకూ ఉన్నాయి, మడ్ టెరైన్ అంటారు. కానీ నువ్వు సంవత్సరంలో ఎక్కువ రోజులు తిరిగేది తారు రోడ్డు మీద. మే నెలలో మన రోడ్డు పెనంలా కాలుతుంటుంది. ఆ టైర్లు దాని మీద త్వరగా అరుగుతాయి, వాన రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతాయి, ఇక వాటి రొద అయితే ఇంట్లో పిండి మర పెట్టుకున్నట్టే. ఆల్ టెరైన్ మధ్య రకం. గరుసు దారికీ పొడి రేగడికీ చక్కగా సరిపోతుంది. తడి రేగడిలో కొంతమేరకే.

కాబట్టి, నేను నీ చోట ఉంటే పాత సైజు 255/65 లోనే గట్టి పక్కగోడ ఉన్న ఆల్ టెరైన్ అయిదు టైర్లు వేసి, సైజు పెంచితే అయ్యే ఖర్చులోంచి మిగిలించిన డబ్బుతో ఆ వంక దిగుడులోనూ ఎక్కుడులోనూ నాలుగు ట్రిప్పుల గరుసు తోలిస్తాను. రెండుసార్లు దిగబడింది కూడా అక్కడే అయ్యుంటుందని నా ఊహ. గరుసు మాత్రమే తోలించు. ఊరికే వస్తున్నాయి కదా అని పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పారేసే నాపరాయి ముక్కలు తెచ్చి వేయొద్దు. ఆ రాయి పలకలుగా విరుగుతుంది, అంచు కత్తిలా ఉంటుంది. టైరు మధ్యలో మేకు దిగినా కంపముల్లు దిగినా పంచరు వేసుకుంటాం. పక్కగోడ కోసుకుపోతే ఆ టైరు చెత్తలోకే.

దారిలో దిగేముందే 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేలా) వెయ్యి, దిగబడ్డాక కాదు. గాలి 22, 24కు తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని పట్టు పెరుగుతుంది. ఆ గాలితో తారు రోడ్డెక్కి వేగంగా పోవద్దు, టైరు వేడెక్కి పగులుతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న గాలిపంపు ఒకటి సీటు కింద పెట్టుకుంటే రోడ్డెక్కే ముందు నింపుకోవచ్చు. గట్టి వాన పడిన మరుసటి రోజు ఏ టైరూ పనిచెయ్యదు, టీవీఎస్ మీద పో.

అయిదు టైర్లు అన్నాను, నాలుగు కాదు. ఏ సైజు వేసినా స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. నీ బండి ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి లాక్ అయి ఒకే వేగంతో తిరుగుతాయి. ఒక టైరు పొట్టిదైతే లోపల గేర్లు ఒకదాన్నొకటి లాగుకుంటాయి. 265/70 తీసుకునేటట్టయితే, వెనక తొట్టి కింద స్టెప్నీ వేలాడే చోట అది పడుతుందో లేదో కూడా షాపులోనే చూడు.

పోలీసుల విషయం. రోడ్డు మీద ఆపి టైరు సైజు చదివే పోలీసును నేనింతవరకూ చూడలేదు. కానీ చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 182ఎను కొత్తగా మార్చి రాశారు. దాని కింద అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కంపెనీ ఆ బండికి చెప్పిన టైరు సైజు వేస్తే ఏ పేచీ లేదు. 265/70 బండి మోస్తుంది గానీ కాగితం మోయదు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. నీ బండికి లిఫ్ట్ ఇప్పటికే ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీకి దాని గురించి చెప్పావా? చెప్పకపోతే రాతపూర్వకంగా అడిగి, వాళ్ళ జవాబు దాచిపెట్టుకో.

అడగడం మర్చిపోయాను, బండికి ఇంకా కర్ణాటక నంబరే ఉందా? వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబరు చేయించాలి. పోయిన సంవత్సరం కొన్నానంటున్నావు, ఆ గడువు దగ్గర పడి ఉండాలి, లేదా దాటి ఉండాలి. బండిని ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాల్సి వచ్చినప్పుడు 33 ఇంచుల టైర్ల మీద అది గుర్రమెక్కినట్టు కనిపించడం నీకు మంచిది కాదు.

ఏ సైజు వేసినా వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. లేపిన బండికి క్యాస్టరు, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది, హైవేలో స్టీరింగు నిలకడగా ఉండదు. కంప్యూటరు కాగితం తీసుకుని అందులో క్యాస్టరు ఎడమా కుడీ కంపెనీ హద్దుల్లో ఉన్నాయో లేదో చూడు. ఉత్త టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సరిచేసి పంపిస్తే ఒప్పుకోకు. నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించుకో. వెనక హౌసింగును పట్టి ఉంచే యూ బోల్టులు కూడా.

ఇక ఆ వణుకు. వెనక ఎట్లా లేపారో నీ ఉత్తరంలో లేదు. బండి కింద దూరి చూడు. కమానుకూ హౌసింగుకూ మధ్య ఇనుప దిమ్మ ఉందా, లేక కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ పట్టీ పొడుగ్గా ఉందా? రెండు పక్కలా, సెంటర్ బేరింగు దగ్గరా ఫోటోలు తీసి పంపు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఏం జరిగిందో కూడా రాయి. అవి చూశాక టైర్ల సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.